దెబ్బతిన్న రికర్వ్ విల్లు, మూడు వింటినారులు: ఏది నిలిచింది, ఏది తేలిపోయింది

మా విలువిద్య క్లబ్బులో కొత్తగా చేరినవారికి ఇచ్చే ఒక రికర్వ్ (కొనలు ముందుకు వంగిన) విల్లు మీద వేసి చూసిన మూడు వింటినారుల గురించి ఈ సమీక్ష. మొదటిది ఆ విల్లుతో పాటు పెట్టెలోనే వచ్చిన, ఏ దారంతో కట్టారో ఎక్కడా రాయని నారి. రెండవది బీసీవై కంపెనీవారి బి-55 పాలిస్టర్ దారంతో కట్టిన 12 పోగుల నారి. మూడవది అదే కంపెనీవారి 8125జి దారంతో కట్టిన 16 పోగుల నారి. విల్లు 66 అంగుళాల టేక్‌డౌన్ రకం, అంటే భాగాలుగా విప్పదగినది. రైజర్ (మధ్య పిడి భాగం) చెక్కది, లింబ్‌లు (వంగే రెండు చేతులు) చెక్క గర్భానికి ఇరువైపులా ఫైబర్‌గ్లాస్ అతికించినవి. 28 అంగుళాల వరకు లాగితే 28 పౌండ్లు అని లింబ్ మొదట్లో రాసి ఉంది. ఎవరో బాణం లేకుండా నారి లాగి వదిలేశారని, అప్పటినుంచి బాణం వేసిన ప్రతిసారీ పెద్ద చప్పుడు వస్తోందని, కింది లింబ్ దగ్గర నారి గాడి తప్పుతోందని, నారి ముంజేతికి తగులుతోందని ఫిర్యాదు. మంచి నారి ఒకటి కొంటే సరిపోతుందని అందరూ అన్నారు.

నారి మార్చవలసిందే. అయితే ఏ నారి కొనాలన్నది పొట్లం మీది వేగపు లెక్కలు చూసి తేల్చుకునే విషయం కాదు. లింబ్ కొనల పరిస్థితి, వాడబోయే బాణాల నాక్‌లు (బాణం వెనక నారి పట్టే గాడి ముక్కలు), ఆ విల్లును పట్టుకునే చేతులు, ఈ మూడూ చూశాకే తేలుతుంది. అందువల్ల నారుల సంగతికి ముందు విల్లును ఎలా పరీక్షించామో కొంత వివరంగా చెప్పవలసి వస్తోంది.

వంగిన లింబ్‌లలో నిలవ ఉన్న శక్తిలో ఎక్కువ భాగం మామూలుగా బాణంతో పాటు వెళ్లిపోతుంది. బాణం లేనప్పుడు ఆ శక్తికి వేరే దారి ఉండదు కనుక లింబ్‌ల అతుకులు, కొనలు, నారి లూప్‌లు, రైజర్‌లోని బోల్టు రంధ్రాలు ఆ దెబ్బను తినవలసి వస్తుంది. ఒక్కసారి జరిగితేనే విల్లు ముక్కలయ్యే సందర్భాలు ఉన్నాయి. పైకి ఏమీ కనిపించకుండా లోపల పొర విడిపోయి, ఆ తరువాత ఎప్పుడో నిండుగా లాగినప్పుడు విరిగే సందర్భాలు అంతకంటే ప్రమాదకరమైనవి. కాబట్టి అలాంటి విల్లును “ఒకసారి లాగి చూద్దాం” అనడం సరికాదు. ముందు స్ట్రింగర్‌తో (నారి ఎక్కించి దించే తాడుతో) నారి దింపి, లింబ్‌లు విప్పి, మంచి వెలుతురులో బల్ల మీద పెట్టి చూడాలి.

చూడడానికి ఖరీదైన పనిముట్లేమీ అక్కరలేదు. ఒక దూది ఉండను లింబ్ రెండు ముఖాల మీద, ముఖ్యంగా రెండు అంచుల వెంబడి, మొదలు నుంచి కొన వరకు మెల్లగా జరిపితే, కంటికి ఆనని పేడు ఎక్కడ లేచిందో అక్కడ దూది పోగు చిక్కుకుంటుంది. మా విల్లులో పై లింబ్ శుభ్రంగా ఉంది. కింది లింబ్‌లో మాత్రం కొనకు జానెడు దూరంలో, ఎడమ అంచున, దూది సన్నగా పట్టుకుంది. భూతద్దంతో చూస్తే ఫైబర్‌గ్లాస్ పోగు ఒకటి లింబ్ పొడవు దిశలో, గోరు పొడవంత, పైకి లేచి కనిపించింది. ఇక్కడ దిశ చాలా ముఖ్యం. లింబ్ పొడవునా వెళ్లే సన్నని గీతలు చాలావరకు పైపూత లేదా గాజు పోగుల వరుసకు సంబంధించినవి. పెరగకుండా ఉన్నాయా అని కనిపెట్టుకుంటూ వాడుకోవచ్చు. లింబ్‌కు అడ్డంగా వెళ్లే బీట వేరు. గోటితో గీస్తే గోరు అందులో పట్టుకుంటే, లేదా వంచినప్పుడు ఆ గీత నోరు తెరిస్తే, ఆ లింబ్‌ను ఇక వాడకూడదు. జిగురు పెట్టి బతికించే ప్రయత్నం చేయకూడదు. పొరల మధ్య పల్చటి ప్లాస్టిక్ కార్డు అంచు దూరినా అదే తీర్పు. మాకు అడ్డ బీటలు కనిపించలేదు, కార్డు ఎక్కడా దూరలేదు. లేచిన ఆ ఒక్క పోగు కిందికి పల్చటి సూపర్ గ్లూ పారించి, అదిమి, పూర్తిగా ఆరాక సన్నని ఎమరీ కాగితంతో నునుపు చేసి పైన వార్నిష్ రాశాము. అంచున ఇంత చిన్న పేడు లేస్తే ఈ మరమ్మతు చాలు. ఇంతకు మించి ఉంటే లింబ్‌ల జత మార్చుకోవడమే మేలు. టేక్‌డౌన్ విల్లుకు ఉన్న పెద్ద సౌకర్యం కూడా అదే.

తరువాత కొనలు. ఎక్కువమంది చూడని చోటు ఇది. నారి ఎంపిక మాత్రం చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. నారి లూప్ కూర్చునే గాడి అడుగున గట్టి పొరలు అదనంగా అతికించి ఉంటే, సాగని ఆధునిక దారాల దెబ్బను ఆ కొన తట్టుకుంటుంది. ఉత్త చెక్క మీద పల్చటి గాజు పొర మాత్రమే ఉన్న పాత విల్లులో సన్నని, గట్టి లూప్ కొనను కోసేస్తుంది. తయారీదారు స్పష్టంగా అనుమతించని పాత విల్లుకు పాలిస్టర్ నారి తప్ప వేరేది వేయకూడదన్న నియమం అందుకే వచ్చింది. మా విల్లు కొనల్లో మూడు పొరల బలపు అతుకు పక్కనుంచి చూస్తే స్పష్టంగా కనిపించింది. తయారీదారు కాగితంలో కూడా ఆధునిక దారాలకు అనుమతి ఉంది. అయితే కింది కొన గాడిలో ఒక అంచు గరుకుగా చిట్లి ఉంది. గాడిలో వేలి కొసతో తడిమితే గుచ్చుకునేంత. ఆ గరుకు పోకుండా ఎంత మంచి నారి వేసినా, లూప్ మీది చుట్టు దారం కొన్నాళ్లకే తెగిపోయేది. సన్నని ఎమరీ కాగితాన్ని పాత నారి ముక్క చుట్టూ చుట్టి గాడిలో ముందుకు వెనక్కు ఆడించి ఆ అంచును గుండ్రంగా చేశాము. గాడి లోతు పెరగకుండా, ఉన్న పదును మాత్రమే పోయేలా చూసుకోవాలి.

ఇక లింబ్ మెలి. నారి ఎక్కించిన విల్లును నారి వైపు నుంచి చూస్తే నారి గీత రెండు లింబ్‌లనూ సరిగ్గా మధ్యకు చీల్చినట్టు ఉండాలి. మా విల్లులో కింది లింబ్ దగ్గర అది పక్కకు జరిగింది. లింబ్ మెలి తిరిగిందని, వేడి నీటిలో ముంచి వెనక్కు తిప్పాలని సలహాలు వచ్చాయి. ఫైబర్‌గ్లాస్ లింబ్‌లకు ఆ పద్ధతి ఉన్న మాట నిజమే, కాని అది చివరి ప్రయత్నం. ముందు చూడవలసింది లింబ్ మొదలు రైజర్‌లో సరిగా కూర్చుందా లేదా అని. బోల్టు విప్పి చూస్తే లింబ్ జేబు (లింబ్ మొదలు కూర్చునే గూడు) మూలలో ఎండిన వార్నిష్ పెచ్చు ఒకటి అతుక్కుని ఉంది. దాని మందం గోరంత కూడా లేదు. మొదట్లో ఉన్న ఆ కాస్త ఎత్తు, లింబ్ పొడవంతా ప్రయాణించి కొన దగ్గరికి వచ్చేసరికి అంత పెద్ద వంకరగా కనిపించింది. పెచ్చు గీరేసి బోల్టు బిగించాక వంకర చాలావరకు పోయింది. మిగిలిన కొద్దిపాటి తేడా ఇలాంటి విల్లులో సహజమే. స్ట్రింగర్ వాడకుండా కాలి మధ్య నుంచి విల్లును వంచి నారి ఎక్కించే అలవాటు, ఎండలో నిలిపిన వాహనంలో విల్లును వదిలేయడం, ఒక కొన మీద గోడకు ఆనించడం, నిజమైన మెలికి మామూలు కారణాలు.

ఇప్పుడు నారుల సంగతి. పెట్టెలో వచ్చిన నారి గురించి మంచి మాట చెప్పడం కష్టం. కవరు మీద 66 అని ఉంది. ఆ అంకె విల్లు పొడవునా, నారి పొడవునా అన్నది కవరు చెప్పదు. ఏఎంఓ (విలువిద్య సామగ్రి తయారీదారుల సంఘం) పద్ధతిలో నారి మీద రాసే అంకె విల్లు పొడవును సూచిస్తుంది. నారి అసలు పొడవు దానికంటే సుమారు 3 అంగుళాలు, చాలా రికర్వ్ విళ్లకు 4 అంగుళాల దాకా, తక్కువగా ఉంటుంది. అంటే 66 అంగుళాల విల్లుకు 62 నుంచి 63 అంగుళాల నారి. కొందరు అమ్మకందారులు విల్లు పొడవు రాస్తారు, కొందరు నారి పొడవే రాస్తారు కనుక, ఆర్డరు ఇచ్చేటప్పుడు రెండూ చెప్పి ఇవ్వడం మంచిది. మా నారి ఉండవలసినదానికంటే ముప్పావు అంగుళం పొడవు. నారి పొడవులో చిన్న తేడా బ్రేస్ హైట్‌లో, అంటే నారికీ పిడి లోతుకూ మధ్య దూరంలో, అంతకు కొన్ని రెట్ల తేడాగా కనిపిస్తుంది. ఇలాంటి విల్లుకు 8 అంగుళాలకు కాస్త అటూ ఇటూ ఉండవలసిన బ్రేస్ హైట్ 6 అంగుళాల దగ్గర ఆగిపోయింది. దానిని పెంచడానికి ఎవరో పురి మీద పురి ఎక్కించారు. నారి దింపగానే అది పాత టెలిఫోన్ తీగలా ముడుచుకుపోయింది.

చప్పుడు, గాడి తప్పడం, ముంజేతికి నారి తగలడం, ఈ మూడు ఫిర్యాదులకూ ప్రధాన కారణం ఈ బ్రేస్ హైట్. నారి అంత వదులుగా ఉన్నప్పుడు లింబ్‌లు ఆగవలసిన చోటు కంటే ముందుకు వెళ్లి ఆగుతాయి, లూప్ గాడిలో కుదురుగా నిలవదు. ఇంకో లోపం కూడా బయటపడింది. మధ్య సర్వింగ్, అంటే బాణం తగిలించే చోట నారి చుట్టూ చుట్టిన దారం, అరిగి సన్నబడింది. బాణం నాక్ దాని మీద క్లిక్‌మని పట్టుకోకుండా జారుతోంది. నాక్ వదులైతే లాగుతున్నప్పుడే బాణం నారి నుంచి ఊడిపోయి, వదిలేసరికి నారి ఖాళీగా వెళ్లే అవకాశం ఉంది. అందుకని, బాణం లేకుండా వదిలారని నింద మోసిన ఆ కొత్త విద్యార్థి నిజానికి బాణం పెట్టే లాగి ఉండవచ్చునని నా అనుమానం. ఏదేమైనా, ఈ నారిని పారేశాము.

బి-55 నారి మొదటి సాయంత్రం కొంచెం విసిగించింది. ఎక్కించిన వెంటనే సరిచేసిన బ్రేస్ హైట్, కొన్ని వరుసలు వేసేసరికి పావు అంగుళం పైగా తగ్గింది. దింపి పురి ఎక్కించి, మళ్లీ వేసి, మళ్లీ ఎక్కించవలసి వచ్చింది. పాలిస్టర్ స్వభావమే సాగడం కనుక దీనిని లోపంగా లెక్కించలేము. అదే సాగుడు బాణం వెళ్లిన తరువాత మిగిలే కుదుపును కొంత మింగేస్తుంది. చేతికి తెలిసే తేడా అది: విల్లు మెత్తగా ఆగుతుంది, చప్పుడు బొంగురుగా, తక్కువగా ఉంటుంది. దానికి చెల్లించే మూల్యం వేగం. అదే గురి పెట్టి వేస్తే 8125జి నారి బాణాల కంటే ఇవి స్పష్టంగా కిందికి పడ్డాయి. కొత్తవారు వేసే దగ్గరి దూరాల్లో సైట్ (గురి చూసే అమరిక) కొద్దిగా దించితే సరిపోయే విషయమిది. 70 మీటర్లు వేసేవారికి మాత్రం చిన్నదేమీ కాదు.

కట్టుబడి బాగుంది. లూప్‌ల చుట్టు ఒత్తుగా, ఖాళీ లేకుండా ఉంది. పై లూప్ పెద్దది, కింది లూప్ చిన్నది అన్న తేడా స్పష్టంగా ఉంది. నాకు నచ్చనిది మధ్య సర్వింగ్. పాలిస్టర్ పోగులే లావు. వాటి మీద లావు దారం చుట్టడంతో మా బాణాలకున్న చిన్న గాడి నాక్‌లు బిగుసుకుపోయాయి. నాక్ సరిపోయిందో లేదో చూడడానికి పాత పరీక్ష ఒకటి ఉంది: విల్లును నేలకు సమాంతరంగా పట్టుకుని, బాణాన్ని నారికి తగిలించి వేలాడదీయాలి. బాణం తన బరువుకు ఊడిపోకూడదు; నాక్‌కు దగ్గర్లో నారి మీద వేలితో ఒక్క దెబ్బ కొడితే మాత్రం ఊడి పడాలి. ఈ నారి మీద రెండు మూడు గట్టి దెబ్బలకు కూడా బాణం కదలలేదు. అంత బిగుతు ఉంటే బాణం నారిని విడిచేటప్పుడు పక్కకు లాగినట్టవుతుంది, నాక్ చెవులు చిట్లే ప్రమాదమూ ఉంది. మధ్య సర్వింగ్ విప్పి 0.018 అంగుళాల సన్నదారంతో మళ్లీ చుట్టాక పరీక్షలో నెగ్గింది. సర్వింగ్ జిగ్ (ఆ దారం చుట్టే పనిముట్టు) అలవాటు లేనివారు కొనేటప్పుడే తమ నాక్ గాడి చిన్నదో పెద్దదో చెప్పి కట్టించుకోవాలి.

8125జి నారి దగ్గర ఈ తంటా ఏదీ రాలేదు. ఇది డైనీమా జాతి దారం. పోగు సన్నం, బరువు తక్కువ, సాగడం నామమాత్రం. ఎక్కించిన రోజు పెట్టిన బ్రేస్ హైట్ మరునాటికీ దాదాపు అక్కడే ఉంది. 16 పోగులకు నాక్ మొదటి దెబ్బకే ఊడి పడింది. బాణం చదునుగా వెళ్లింది, లక్ష్యం మీద బాణాల గుంపులు కూడా కాస్త దగ్గరగా వచ్చాయి. అందులో నారి వాటా ఎంత, ఆ రోజు వేసినవారి చేతి వాటా ఎంత అన్నది విడదీయడం కష్టం. విల్లు ఆగే తీరు మాత్రం గట్టిగా ఉంది, శబ్దం పదునుగా వచ్చింది. బ్రేస్ హైట్‌ను పురి ద్వారా కొంచెం కొంచెంగా మార్చి చూస్తే 8 అంగుళాలు దాటిన తరువాత ఒక చోట ఆ శబ్దం బాగా తగ్గింది, అక్కడే ఉంచాము. పోగుల సంఖ్య బలం కోసం పెంచుతారని చాలామంది అనుకుంటారు. డాక్రాన్ (పాలిస్టర్) ఒక్క పోగే సుమారు 50 పౌండ్లు మోస్తుంది, డైనీమా పోగు దానికి దాదాపు రెట్టింపు. 28 పౌండ్ల విల్లుకు బలం కొరత ఎక్కడా రాదు. పోగులు ఎంచుకునేది నాక్ పట్టు కోసం, నారి బరువు కోసం.

వెక్‌ట్రాన్ (ఒక గట్టి కృత్రిమ పోగు) కలిపిన 452ఎక్స్ వంటి దారాలు ప్రధానంగా కాంపౌండ్ (కప్పీలున్న) విళ్ల అవసరానికి వచ్చినవి. తక్కువ పౌండ్ల చెక్క రికర్వ్‌కు వాటితో ఒరిగేదేమీ లేదు. ఒకప్పుడు కెవ్లార్ నారులు వేగానికి పేరుపడి, హఠాత్తుగా తెగిపోతాయన్న చెడ్డపేరు కూడా తెచ్చుకున్నాయి. 1980లలో ఫాస్ట్‌ఫ్లైట్ దారం వచ్చాక వాటి అవసరం తీరిపోయింది. పాత సామాన్లలో అలాంటిది దొరికితే వేయకండి.

ఏ నారికైనా మైనం రాయాలి, సర్వింగ్ మీద కాకుండా పోగుల మీద. రాశాక వేళ్లతో రుద్దితే పుట్టే వెచ్చదనం చాలు. డైనీమా వంటి పాలిథిలిన్ జాతి దారాలు 150 డిగ్రీల సెల్సియస్ లోపే కరిగేవి కనుక తోలుముక్కతో వేగంగా రుద్ది కాల్చకూడదు, లైటరు దగ్గరికి అసలే తేకూడదు. ఒక్క పోగు తెగినా నారి మార్చాలి, ఎందుకంటే ఎండ్‌లెస్ లూప్ నారిలో పోగులన్నీ ఒకే దారపు చుట్లు. లూప్ చుట్టు విడిపోయినా అంతే.

విడివిడిగా మార్కులు వేయమంటే దారం నాణ్యతలో, స్థిరత్వంలో 8125జి ముందుంటుంది; లోహపు రైజర్, బలమైన కొనలు ఉన్న సొంత విల్లుకు సందేహం లేకుండా దానినే కొనమంటాను. ఈ క్లబ్బు విల్లు మీద మాత్రం బి-55 నారినే ఉంచాము. కింది లింబ్ అంచుకు ఒక మరమ్మతు పడింది. ఆ విల్లును పట్టుకునేవారు నెలకొకరు మారుతుంటారు. ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ ఎవరో ఖాళీ నారి వదలకపోరు. ఆనాడు కాస్త సాగే నారి ఉంటే లింబ్‌ల మీద పడే దెబ్బ కొంత తగ్గుతుంది. వారానికి ఒకసారి బ్రేస్ హైట్ కొలిచి పురి సరిచేయడం మా పని. నాకింగ్ పాయింట్‌ను (నారి మీద బాణం తగిలించే చోటు గుర్తును) లంబకోణపు గీత కంటే పావు అంగుళం పైన కట్టాము.

రెండవ బి-55 నారి ఒకటి అదనంగా తెప్పించి, దానిని కూడా అదే విల్లు మీద సాగడం ఆగేవరకు వేసి, సన్నదారంతో సర్వింగ్ మార్చి, నాకింగ్ పాయింట్ కట్టి, బ్రేస్ హైట్ అంకె రాసిన చీటీతో సహా సంచిలో పెట్టాము. పొట్లం విప్పని కొత్త నారిని అదనపు నారిగా పెట్టుకుంటే, అవసరం వచ్చిన రోజున అది సాగడం ఆగేదాకా విల్లు పక్కన పెట్టుకుని కూర్చోవలసిందే.